ఇంగ్లీషు పీరియడ్‌లో ‘మన’ భాష

మా తమ్ముడి కూతురు పద్మ పోయిన నెల చింతామణిలో ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది. చేరిన వారానికే ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే అడిగింది.

“అత్తా, పిల్లోళ్ళు తెలుగులో అడిగితే తెలుగులో చెప్పచ్చునా? ట్రైనింగులో కూడదన్నారు. చెప్పకుంటే వాళ్ళ మొకాల్లో ఏమీ తెలిసినట్టే కనపడలా.”

ఆమెకు కాఫీ ఇచ్చాను గానీ జవాబు ఇవ్వలేకపోయాను. చెప్పవచ్చు అంటే సగం అబద్ధం, చెప్పకూడదు అంటే మిగతా సగం అబద్ధం. ఈ ప్రశ్నతోనే నా ఉద్యోగంలో మొదటి సంవత్సరాలు గడిచాయి. దానికి జవాబు నాకు నేర్పినవాళ్ళు ముగ్గురు: ఒక హెడ్మాష్టరు, ఒక పిల్లవాడు, ఒక ఆడపిల్ల. వాళ్ళ సంగతి చెబితే పద్మకు జవాబు దానంతట అదే దొరుకుతుందని ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, వాటికోసం పెట్టుకున్న అర్జీలు వదిలేస్తున్నాను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి.

ఏ భాషలో చెప్పాలి?

మాది చింతామణి. నాయనకు అంగడి వీధిలో శనక్కాయల వ్యాపారం. ఆడపిల్లను బెంగళూరు పంపి బి.ఏ., బి.టి. చదివించాడని మా వాళ్ళలో చాలామంది ఆయన్ను ఎగతాళి చేశారు. యాభైల చివర్లో నాకు బాగేపల్లిలో హైస్కూలు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనే నన్ను ఎగతాళి చేశాడు. “ఆ రాళ్ళగుట్టల మధ్య ఇంగ్లీషు ఎవురికి కావల్లమ్మా?”

పిల్లలు చుట్టుపక్కల పల్లెలనుంచి నడిచి వచ్చేవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ కన్నడంలోనే. గంట కొట్టి ఆటస్థలంలోకి పరిగెత్తగానే మళ్ళీ తెలుగు. గోళీలాటలో తిట్టుకోవడం తెలుగులో, ఆ తిట్ల గురించి అయివారికి చాడీలు చెప్పడం కన్నడంలో. అటునుంచి ఇటు మారడానికి వాళ్ళకు ఏ కష్టమూ లేదు. ఈ రెండింటి పైన ఇంగ్లీషు వచ్చి కూర్చుంది.

ట్రైనింగు కాలేజీలో మాకు చెప్పిన పద్ధతి ఒకటే. వస్తువు చూపించాలి, పని చేసి చూపించాలి, వాక్యం చెప్పాలి, పిల్లలచేత చెప్పించాలి. పిల్లల భాషలో మాట ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. నేను పుస్తకం పైకెత్తి “దిస్ ఈజ్ ఎ బుక్” అన్నాను. తరగతి మొత్తం కప్పు ఎగిరిపోయేలా “దిస్ ఈజ్ ఎ బుక్” అంది. వారం రోజులు ఉద్యోగం ఎంత తేలిక అనుకున్నాను.

తర్వాత పాఠంలో ‘ఆనెస్ట్’ అనే మాట వచ్చింది. దానికి ఏ వస్తువు చూపించాలి? గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. కళ్ళు మూసి తెరిచాను. తల పైకెత్తి నిటారుగా నిలబడ్డాను. ముందు బెంచీలోంచి వెంకటరవణ అనే పిల్లవాడు కంగారుగా లేచాడు.

“అయివారమ్మా, గుండెలో నొస్తాండాదా? నీళ్ళు తెద్దునా?”

ఇక ఆగలేకపోయాను. “నొప్పి లేదురా. ఆనెస్ట్ అంటే అబద్ధం చెప్పనోడు, ఒకరిని మోసం చెయ్యనోడు” అన్నాను. తరగతి అంతా ‘ఓ’ అని ఊపిరి వదిలింది. అంతసేపు నా గుండె గురించి భయపడుతున్నారు పాపం.

ఆ ‘ఓ’ వసారాలో నడుస్తున్న హెడ్మాష్టరు కెంపయ్య గారి చెవిన పడింది. ఆయనది మండ్య వైపు పల్లెటూరు. తెల్ల పంచె, నల్ల కోటు, తలకు టోపీ. తెలుగు ముక్క రాదు. పై తరగతులకు ఇంగ్లీషు ఆయనే చెప్పేవారు, నేను రాని రోజున నా క్లాసూ తీసుకునేవారు. ఇంటర్వెల్‌లో పిలిచి కన్నడంలో చెప్పారు. ఆయన మాటలన్నీ కన్నడంలోవే, నేను తెలుగులో రాస్తున్నాను.

“ఇంగ్లీషు పీరియడ్‌లో ఇంగ్లీషు. మరీ తప్పనప్పుడు కన్నడం. తెలుగు కాంపౌండు బయట ఉండాలి, కౌసల్యమ్మా.”

ఆయనకు తెలుగు మీద కోపమేమీ లేదు. చిన్నప్పుడు ఆయనకు ఇంగ్లీషు చెప్పిన అయివారు క్లాసులో కన్నడం ముక్క పలికేవారు కాదట. ఆ మొండితనం వల్లే తాను ఇంతవాడినయ్యానని ఆయన నమ్మకం. తనకు మేలు చేసిన మందునే అందరికీ పోసే మనిషి. అలాంటి పైఅధికారులు మీకూ తగులుతారు. వాళ్ళతో వాదించి లాభం లేదు. వాళ్ళకు చూపించగలిగే రోజు కోసం కాచుకుని ఉండాలి.

అమ్మను ‘ఇట్’ అన్న పిల్లవాడు

ఆ రోజు తొందరగానే వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలను వాళ్ళ అమ్మ గురించి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయమన్నాను. పిల్లల పుస్తకాలు అప్పుడప్పుడు తెప్పించుకుని చూడటం హెడ్మాష్టరు గారికి అలవాటు. మధ్యాహ్నం ప్యూను వచ్చి నన్నూ వెంకటరవణనూ గదిలోకి రమ్మన్నారని చెప్పాడు.

మేం వెళ్ళేసరికి బెత్తం బల్ల మీద ఉంది. కెంపయ్య గారి మొహం ఎర్రగా ఉంది. పుస్తకం తీసి గట్టిగా చదివారు.

“మై మదర్ ఈజ్ కుకింగ్. ఇట్ ఈజ్ వెరీ గుడ్. ఇట్ గోస్ టు ది ఫీల్డ్. ఐ లవ్ ఇట్.” పుస్తకం మూసేశారు. “కన్నతల్లిని కుర్చీని అన్నట్టు అన్నాడు. కుక్కను అన్నట్టు అన్నాడు. ఇంట్లో ఇదేనా నేర్పేది?”

వెంకటరవణ అప్పటికే ఏడుస్తున్నాడు. నా కొంగు వెనక్కి జరిగి తెలుగులో గొణిగాడు. “నేనేం తప్పు రాసినా అయివారమ్మా? మాయమ్మ మంచిదనే గదా రాసినా.”

ఆ పిల్లవాడి గొంతు వినగానే నాకు అసలు సంగతి తట్టింది. “సార్, వీడు అమర్యాదగా రాయలేదు. తెలుగులో ఉన్నదే ఇంగ్లీషులో పెట్టాడు. ఒక్క నిమిషం వినండి” అని, పిల్లవాడి వైపు తిరిగాను. “ఒరే, మీయమ్మ ఇప్పుడు ఏం చేస్తాండాది?”

“చేన్లో కలుపు తీస్తాండాది.”

“మీ ఆవు?”

“అదీ చేను గట్టునే మేస్తాండాది.”

“మీ నాయన?”

“మడక దున్నుతాండాడు.”

“విన్నారా సార్? కన్నడంలో అమ్మ వస్తే ‘బందళు’, ఆవు వస్తే ‘బంతు’. అమ్మకు వేరు, ఆవుకు వేరు. మా తెలుగులో అమ్మా వచ్చింది, ఆవూ వచ్చింది. నాయన ఒక్కడే వచ్చాడు. వీడి చెవికి ప్రపంచంలో రెండే జాతులు, మగవాళ్ళు, మిగతావన్నీ. మగవాళ్ళకు ‘హి’ అని చెప్పాను. మిగతావాటికి వీడే ‘ఇట్’ పెట్టుకున్నాడు.”

ఆయన తీస్తాండాది, మేస్తాండాది, దున్నుతాండాడు అని కన్నడ యాసలో తనలో తాను అనుకున్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అంటే మీ భాషలో అమ్మకూ ఆవుకూ తేడా లేదా?”

“మాట ముగింపులో లేదు సార్. ఇంట్లో ఉంది.”

నవ్వారు. బెత్తం తీసి బీరువా మీద పెట్టారు. “ఈ ఊరు వచ్చినప్పటినుంచి ప్రతి ఏడూ ఈ తప్పు చూస్తున్నాను. మండ్యలో ఒక్క పిల్లవాడూ చేసి ఎరగడు. ఎందుకిలా అని ఒక్కసారీ అనుకోలేదు” అన్నారు. వెంకటరవణ భుజం తట్టి పంపేశారు.

మరుసటి రోజు బోర్డు మీద ఆ తెలుగు వాక్యాలే రాసి, మనం ఒకచోట కలిపి పెట్టినవాటిని ఇంగ్లీషువాళ్ళు విడదీశారని చెప్పాను. ఆ తప్పు ఆ తరగతిలో పూర్తిగా పోయిందని అనను. కానీ నోరు జారినప్పుడల్లా వాళ్ళే నాలుక కరుచుకుని “షి, షి” అని దిద్దుకునేవాళ్ళు. పిల్లల భాష తెలిసి ఉండటం టీచరుకు మొదట ఉపయోగపడేది ఇక్కడే. అర్థం చెప్పడం తర్వాతి మాట. తప్పు ఎక్కడ మొలిచిందో కనపడుతుంది. కనపడిన తప్పుకు బెత్తం అక్కరలేదు.

కెంపయ్య గారు తమ నిబంధన సడలించారు, ఒక మెలిక పెట్టి. “తెలుగు మాట్లాడండి, కాదనను. కానీ పిల్లలు ఇంగ్లీషు మాట్లాడాలి. అది నేను వచ్చి చూస్తాను.”

కారు ఆగిన మధ్యాహ్నం

అనుమతి దొరికింది కదా అని నేను రెచ్చిపోయాను. ప్రతి పాఠాన్నీ ముందు తెలుగులో కథగా చెప్పేదాన్ని. “రండి, మన తెలుగులో చెప్పుకుందాం” అని మొదలుపెడితే పిల్లలు బెంచీల అంచులకు జరిగేవాళ్ళు. ఓడ మునిగిపోయే పాఠం చెప్పిన రోజు పక్క తరగతి వాళ్ళు కూడా కిటికీలకు వేలాడారు. ఆరునెలల పరీక్షలో మార్కులు పెరిగాయి. నేను చాలా గొప్ప టీచరునని నాకు గట్టి నమ్మకం కలిగింది.

మా బడి బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు పక్కన. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ గేటు ముందు ఒక కారు ఆగింది. ఉత్తరాది కుటుంబం. చంకలో పాపను ఎత్తుకున్న ఒక ఆవిడ దిగి, గేటు దగ్గర ఉన్న మా పిల్లలను ఇంగ్లీషులో ఏదో అడిగింది. నేను గదిలోంచి చూస్తున్నాను. వెంకటరవణ ఉన్నాడు, తరగతిలో మొదటి మార్కు వచ్చే ఇంకో ఇద్దరు ఉన్నారు. నా గుండె ఉప్పొంగింది. ఇప్పుడు చెబుతారు చూడు అనుకున్నాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. పాప ఏడుపు అందుకుంది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ విసుగ్గా హిందీలోకి మారింది. అప్పుడు గోడ నీడన ఒంటరిగా కూర్చుని తింటున్న ఒక ఆడపిల్ల చెయ్యి కడుక్కుని లేచింది. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అని, రోడ్డు దాటించి, ఎనుములున్న ఇంటికి తీసుకువెళ్ళింది. కాసేపటికి ఆవిడ సీసా నిండా పాలతో తిరిగొచ్చి, ఆ పిల్ల తల నిమిరి కారెక్కింది.

ఆ పిల్ల పేరు సోమ్లి. మా ఎనిమిదో తరగతే. ఊరవతల గుట్ట వెనక లంబాడీ తాండానుంచి వచ్చేది. తాండానుంచి హైస్కూలు దాకా వచ్చిన పిల్ల ఆమె ఒక్కతే. తండ్రి రూప్లానాయక్ రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. ఇంగ్లీషులో తప్పి అదే తరగతిలో రెండోసారి కూర్చుంది. ఈసారి కూడా తప్పితే బడి మానిపించి తనతో పనికి తీసుకుపోతానని తండ్రి అన్నట్టు నాకు తెలుసు. మిగతా ఏమీ తెలియదు. వెనక బెంచీలో కూర్చునేది, నోరు విప్పేది కాదు, నేనూ విప్పించలేదు.

సాయంత్రం ఆమెను పిలిచి అడిగాను. “నీకు హిందీ వస్తాదా?”

“రాదమ్మా. ఆయమ్మ దూద్ అనె. మా తాండాలో కూడా పాలను దూద్ అనే అంటారు.”

“మీ ఇంట్లో తెలుగు మాట్లాడరా?”

“సంతకు పోయినప్పుడు మాట్లాడతాము. ఇంట్లో మా మాటే.”

“మరి నేను తెలుగులో చెప్పే పాఠాలు నీకు తెలస్తాండాయా?”

ఆమె తల వంచుకుంది. “కొంచెం కొంచెం. మీరు బిన్నా బిన్నా, నిలపకుండా చెప్తారు. అందరూ నగుతారు. నేను కూడా నగుతా.” కాస్త ఆగి, ధైర్యం చేసి అంది. “హెడ్మాష్ట్రు ఇంగ్లీషు పాఠమే నాకు బాగుంటాదమ్మా. ఆయన చెప్పేది మొదట్లో ఎవురికీ తెలీదు. అందరికీ ఒగటే మాదిరి తెలీదు గదా.”

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను మాత్రం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను. మన తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ఎదుటివాళ్ళను కలుపుకుంటేనే ‘మన’. నేను రోజూ “మన తెలుగులో” అంటూ నోరారా కథ చెబుతున్నాను. ఆ ‘మన’లో ఈ పిల్ల లేదు. బాగా చదివే పిల్లలేమో తెలుగు కథను కంఠతా చెప్పగలరు, కళ్ళెదుట ఇంగ్లీషు మనిషి నిలబడితే నోరు పెగలదు. నా పద్ధతి వల్ల ఇద్దరూ నష్టపోయారు, చివరి బెంచీ పిల్లా, మొదటి బెంచీ పిల్లలూ.

పాలు ఎవరికి పంచాలి?

పొద్దున్నే కెంపయ్య గారికి జరిగింది చెప్పాను. ‘నేను ముందే చెప్పలేదా’ అంటారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన అలా అనలేదు. కుర్చీ చూపించారు.

“నా క్లాసులో కూడా సగంమందికి ఏమీ అర్థం కాదు. అరిచి చెప్పిస్తాను, చెబుతారు, అంతే. నేను మాట్లాడిస్తాను, మీరు అర్థం చెబుతారు. ఇద్దరం ఒకే గదిలో ఉంటే ఏం పోతుంది?” అన్నారు.

హెడ్మాష్టరు నా క్లాసులో నాతోపాటు పాఠం చెప్పడమేమిటని మిగతా టీచర్లు విడ్డూరంగా చూశారు. ఆయన పట్టించుకోలేదు. వీలైనప్పుడల్లా వచ్చేవారు. పాఠం ఇంగ్లీషులోనే మొదలయ్యేది. మొహాలు మూసుకుపోయినట్టు కనపడగానే ఆగి, అడ్డం పడిన మాటను బోర్డు పక్కన రాసేవాళ్ళం. దాన్ని మీ ఇంట్లో ఏమంటారు అని అడిగేవాళ్ళం. తెలుగు మాట, కన్నడం మాట, ఉర్దూ మాట్లాడే పిల్లలు ముగ్గురున్నారు కాబట్టి వాళ్ళ మాట, సోమ్లి మాట. మాట తెలిసిపోగానే మళ్ళీ ఇంగ్లీషులోకి రావాలి. ఆ గీత దాటి కథలు చెప్పడం మొదలుపెడితే కెంపయ్య గారు దగ్గేవారు. నాకు ఆ దగ్గు చాలా మేలు చేసింది.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. బోర్డు మీద ‘మదర్’ అని రాశాం. అమ్మ అన్నారు, తాయి అన్నారు, అమ్మీ అన్నారు. సోమ్లిని అడిగితే లేచి మెల్లగా “యాడి” అంది.

మా వైపు ‘యాడ’ అంటే ఎక్కడ. తరగతి గొల్లుమంది. “యాడికి పోయిందో వాళ్ళమ్మ!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. సోమ్లి మొహం మాడిపోయింది. కూర్చుని బల్ల మీద తల ఆనించింది. గద్దిస్తే నవ్వు ఆగుతుంది, కానీ ఆ పిల్ల ఇంక ఎప్పుడూ లేవదని నాకు తెలుస్తోంది. 

కెంపయ్య గారు కుర్చీలోంచి లేచారు. ఎందుకు నవ్వారని నన్ను అడిగి తెలుసుకుని, పిల్లల వైపు తిరిగి కన్నడంలో చెప్పారు.

“నేను ఈ ఊరికి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే ఒక ఆవిడ తలుపు తట్టి ‘పాలు, పాలు’ అంది. మా కన్నడంలో పాలు అంటే వాటా. ఇంట్లో వాటా అడుగుతోందనుకుని నేను వణికిపోయాను. ‘అమ్మా, ఇది అద్దె ఇల్లు, నాకు అన్నదమ్ములు లేరు, పాలు ఎవరికి ఇవ్వాలి?’ అన్నాను. ఆవిడ ‘మీకే సామీ’ అంది. సరే, నాకే కదా అని తలుపు వేసుకున్నాను. ఆ రోజంతా మా ఇంట్లో కాఫీ లేదు.”

పిల్లలు పడిపడి నవ్వారు. సోమ్లి కూడా తలెత్తి నవ్వింది. నవ్వు ఆమె మీదనుంచి ఆయన మీదకు మారింది, ఆయన కావాలనే మార్చుకున్నారు. నవ్వు ఆగాక సుద్దముక్క తీసుకుని, ‘యాడి’ అని కన్నడ అక్షరాల్లో తానే బోర్డు మీద రాశారు. నన్ను పక్కన తెలుగులో రాయమన్నారు. ఆ మాట ఎలా ఉంటుందో సోమ్లి మొట్టమొదటిసారి కళ్ళతో చూసింది. వాళ్ళ భాషకు రాత లేదు. కళ్ళార్పకుండా చూసింది.

తర్వాత ఆ పిల్ల ఒక్కసారిగా మారిపోయిందని చెప్పలేను. వెనక బెంచీనుంచి మధ్య బెంచీకి వచ్చింది. ‘నేమ్’ను వాళ్ళింట్లో ‘నామ్’ అంటారని తనంతట తనే చెప్పింది. ఇంగ్లీషుకు తన భాష కొంచెం దగ్గరని తెలిసి ఆమెకు గర్వం, మిగతావాళ్ళకు ఆశ్చర్యం. ఆ తర్వాత ఒకరోజు కెంపయ్య గారు ఆవు గురించి వాక్యాలు చెప్పిస్తున్నారు. “ది కౌ గివ్స్ మిల్క్. ఇట్ ఈజ్ ఎ గుడ్ కౌ.” సోమ్లి చెయ్యెత్తి లేచింది. ఎవరూ అడగకుండా ఇంగ్లీషులో మాట్లాడటం అదే మొదలు.

“సర్, కౌ ఈజ్ షి. వై ఇట్?”

 వాళ్ళ భాషలో ఆవు కూడా ఆడదేనట, మాటలోనూ ఆడదేనట. కెంపయ్య గారు నా వైపు చూశారు. నేను కిటికీ బయటికి చూశాను. ఆయన కాసేపు ఆలోచించి అన్నారు.

“ఇఫ్ ఇట్ ఈజ్ మై కౌ, ఇట్. ఇఫ్ ఇట్ ఈజ్ యువర్ కౌ, షి.”

ఇది తమాషాకు అన్నమాట కాదు. ఇంగ్లీషువాళ్ళు కూడా తమ ఇంటి ఆవును ‘షి’ అనే అంటారు. సోమ్లి తృప్తిగా తల ఊపి కూర్చుంది. స్టాఫ్ రూములో ఆయన రెండు కప్పుల కాఫీ తెప్పించారు. “ఇన్నేళ్ళ సర్వీసులో ఇంగ్లీషులో ప్రశ్న అడిగిన పిల్ల ఇదే మొదటిది, కౌసల్యమ్మా. నా క్లాసులో అందరూ జవాబులే చెప్పారు” అన్నారు.

పద్మకు నేను చెప్పింది

తర్వాత చిక్కబళ్ళాపురంలో, మా చింతామణిలో ఎన్నో ఏళ్ళు పనిచేశాను. రెండు రకాల టీచర్లను చూశాను. ఇంగ్లీషు తప్ప పలకనివ్వని వాళ్ళ దగ్గర పిల్లలు చిలకల్లా పలికేవాళ్ళు. లైను లైనుకూ అర్థం చెప్పేవాళ్ళ దగ్గర పిల్లలు అర్థం తెలిసి మూగగా ఉండేవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళలో చాలామంది తమ ఇంగ్లీషు బయటపడుతుందని భయపడి కన్నడంలోనో తెలుగులోనో దాక్కునేవాళ్ళు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనీ. పిల్లల భాష పిల్లల కోసం వాడాలి, మన భయం కోసం కాదు.

పద్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆమెకు చెప్పింది ఇంతే. పిల్లలు తడబడినప్పుడు వాళ్ళ భాష అందించు, నిలదొక్కుకోగానే తీసెయ్యి. తిట్టాల్సి వస్తే ఇంగ్లీషులో తిట్టు, ఓదార్చాల్సి వస్తే వాళ్ళ భాషలో ఓదార్చు. తప్పు రాసినప్పుడు ఆ వాక్యాన్ని వాళ్ళ ఇంటి మాటలో ఒకసారి చెప్పించుకో. అన్నిటికంటే ముందు, ఎవరి ఇంట్లో ఏ మాటో మొదటి వారమే కనుక్కో. నువ్వు అనుకున్నది అయి ఉండదు.

“అన్ని భాషలూ నాకు యాడొస్తాయత్తా?” అంది పద్మ.

“నాకూ రావు. రావక్కరలేదు. అడగడం వస్తే చాలు.”

ఫలితాలు చెప్పిన రోజు

ఆ సంవత్సరం చివరి పరీక్షలో సోమ్లి ఇంగ్లీషులో పాసైంది. గొప్ప మార్కులేమీ కాదు, గట్టెక్కింది. ఫలితాలు చదివిన రోజు రూప్లానాయక్ బడికి వచ్చాడు. భుజాల నిండా కంకర దుమ్ము. అతన్ని నేను చూడటం అదే మొదలు. పాసయిందని చెబితే సంతోషిస్తాడనుకున్నాను. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సంతోషమేనమ్మా. అయితే మా పని ఈడ అయిపోయినాది. మేస్త్రీ మమ్మల్ని తొండేభావి దిక్కు రమ్మంటాండాడు. సంసారమంతా పోతాండాము. పిల్లను ఈడ ఎవురు చూస్తారు? తీస్కపోదామని వచ్చినా.”

 పరీక్ష తప్పితే కదా మానిపిస్తానన్నాడు, పాసైతే చాలనుకున్నాం మేం. కెంపయ్య గారు గదిలోంచి బయటికి వచ్చారు. తన కన్నడంలో చదువు గురించి, గవర్నమెంటు ఉద్యోగాల గురించి చెప్పారు. రూప్లానాయక్ మర్యాదగా విన్నాడు, ఊ కొట్టాడు. నేను తెలుగులో చెప్పాను. దానికీ ఊ కొట్టాడు. మా మాటలు అతని చెవి దాకా పోయి అక్కడే ఆగిపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు సోమ్లి వసారా మెట్టు దిగి తండ్రి ముందు నిలబడింది. వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. నెమ్మదిగా మొదలుపెట్టి, గొంతు పెంచింది. గుట్ట వైపు చెయ్యి చూపించింది. మా వైపు చూపించింది. తండ్రి ఏదో అడ్డం చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఆడించి మళ్ళీ మాట్లాడింది. తరగతిలో ఎన్నడూ వినని గొంతు అది. తడుముకోవడం లేదు, తల వంచుకోవడం లేదు.

కెంపయ్య గారు నా వైపు వంగి గుసగుసగా అడిగారు. “ఏమంటోంది?”

“నాకూ తెలియదు సార్.”

“ఒప్పుకుంటాడంటారా?”

“తెలియదు సార్.”

మా ఇద్దరికీ కలిపి మూడు భాషలు వచ్చు. ఒక్క మాట అర్థం కాక, వాళ్ళ మొహాలనే చూస్తూ నిలబడ్డాం. అవ్వ అనే మాట ఒకటి వినపడినట్టనిపించింది, తాండాలో ఉండే అవ్వ దగ్గర ఉంటానంటోందేమో, అదీ నమ్మకం లేదు. ఏళ్ళ తరబడి మా ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లలు ఇలాగే మా మొహాలు చూసి ఉంటారని ఆ వసారాలో నిలబడి ఉన్నప్పుడు అనిపించింది.

సోమ్లి మాటలు ఆపింది. రూప్లానాయక్ భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకుని, మా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

“పై తరగతి పుస్తకాలు ఎవురి దగ్గర దొరుకుతాయమ్మా?”